ఇరవై ఏడో కెమెరాను చూసింది ఎవరు?

పోయినవారం చిన్నక్కను సూపర్‌వైజర్ గది తలుపు దగ్గర నిలబెట్టి వచ్చాం. లోపల ఎవరున్నారో అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు ఆమెతోపాటు మనమూ లోపలికి వెళ్దాం.

అంతకుముందు జరిగింది రెండు ముక్కల్లో చెప్పాలి. చిన్నక్క ఊరి కెమెరాల కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్. పగటి డ్యూటీ. గోడ నిండా తెరలున్న ఆ హాల్లో రెండో నంబరు కుర్చీ ఆరేళ్ళుగా ఆమెదే. మొదట్లో అక్కడ ఆడవాళ్ళు ఇద్దరే ఉండేవారు. పెద్దావిడ పెద్దక్క, ఈమె చిన్నక్క. పెద్దక్క రిటైరై వెళ్ళిపోయినా ఈమె మాత్రం అందరికీ చిన్నక్కగానే మిగిలిపోయింది. పక్క కుర్చీ మాస్టారిది. ఒకప్పుడు టైపు నేర్పేవారు గనుక ఆ పేరు. ఇక టైలరమ్మ. కొట్టే మొగుణ్ణి వదిలేసి, నాలుగు నెలల కిందట ఒక కుట్టుమిషనుతో ఈ ఊరు చేరి, చిరునామా ఎవరికీ చెప్పకుండా ఒక మేడమీది గదిలో ఉంటూ వచ్చింది. పదిరోజుల కిందట ఆ మొగుడు వచ్చి ఆ గది తలుపు కొట్టాడు. తలుపవతల నిలబడి, ఆమె ఏ పూట ఏ గొడుగు వేసుకుని ఏ సందు తిరిగిందో, ఏ కొట్లో ఎంతసేపుందో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఆమె వెనక మెట్లు దిగి తప్పించుకుంది. అక్కణ్ణుంచి తిన్నగా కంట్రోల్ రూమ్‌కి వచ్చి ఒకటే అడిగింది. నన్ను చూసింది ఎవరు?

ఆ సంగతి తేల్చడానికే సూపర్‌వైజర్ ఇవాళ చిన్నక్కనూ మాస్టారినీ పిలిపించింది.

గది చిన్నది. ఒక ఇనుప బల్ల, దాని చుట్టూ కుర్చీలు, మూలన ఎప్పుడు ముట్టుకున్నా వేడిగా ఉండే ప్రింటరు. కిటికీకి అడ్డంగా ఫైళ్ళు పేర్చేశారు గనుక మధ్యాహ్నం రెండున్నరకి కూడా లైటు వేసుకోవాలి. ఆ లైటు కింద టైలరమ్మ కూర్చుని ఉంది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీని రెండు చేతులా పట్టుకుంది. ఆమె జాకెట్టు చేతి మీద ఒక దారప్పోగు అంటుకుని ఉంది. ఎవరు ఎదురుపడినా భుజాల నుంచి మోకాళ్ళ దాకా కొలత తీసుకున్నట్టు చూడడం ఆమెకు అలవాటు. చిన్నక్కనూ అలాగే చూసి, పక్కనున్న కుర్చీ కాస్త జరిపింది.

మాస్టారు గోడకు ఆనుకుని నిలబడ్డారు.

సూపర్‌వైజర్ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. కోపం వస్తే ఇంకా తగ్గిస్తుంది. ఎదుటివాళ్ళే వినడానికి ముందుకు వంగాలి.

"కూర్చోండి మాస్టారూ. ఇది పోలీసు విచారణేం కాదు. అందాకా పోకముందే మనలో మనం తేల్చుకోగలమా అని నా ప్రయత్నం." అంటూ ఆమె ఒక కాగితాన్ని వాళ్ళవైపు తిప్పి పెట్టింది. "బొత్తాల కొట్టు సందులో ఉన్నది ఇరవై ఏడో కెమెరా. ఈ నెలలో దాన్ని ఎవరు పెద్దది చేసి చూశారో, ఎవరు పాత రికార్డింగు వెనక్కి తిప్పారో అన్నీ ఇందులో ఉన్నాయి. పదకొండు సార్లు. పదకొండూ ఒకే లాగిన్."

చిన్నక్క కాగితం మీదికి వంగలేదు. అందులో ఏ లాగిన్ ఉందో ఆమెకు తెలుసు.

"నాదే మేడమ్," అంది.

టైలరమ్మ చేతిసంచీ పట్టీ వదిలేసింది.

"పదకొండూ నావి కావు," అంది చిన్నక్క వెంటనే. "ఆరు నావి. మిగతా ఐదూ నేను చూడలేదు. నా మాట ఎందుకు నమ్మాలంటే... ఆ ఆరు ఎందుకు చూశానో కూడా చెప్తాను. అది చెప్తే నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు తెలీదు."

"చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. ఆమె మావగారు ముప్పై ఒక్క ఏళ్ళు సిటీబస్సు నడిపారు. ఇప్పుడు ఆయన మతి నిలకడగా లేదు. కొన్ని రోజులు అంతా బాగానే ఉంటుంది, కొన్ని రోజులు భోజనం చేసిన సంగతి కూడా గుర్తుండదు. కానీ రోజూ పదకొండయ్యేసరికి చెప్పులేసుకుని బయల్దేరతారు. తను నడిపిన రూటంతా కాలినడకన తిరుగుతారు. ప్రతి స్టాపు దగ్గరా కాసేపు ఆగుతారు, ఎక్కేవాళ్ళు ఎక్కాలి గదా అన్నట్టు. రెండేళ్ళ కిందట ఒకరోజు దారి తప్పారు. తొమ్మిది గంటలు ఇంటిల్లిపాదీ వెతికారు. చివరికి ఒక కెమెరాలోనే కనిపించారు, మూసేసిన డిపో వెనక తుప్పు పట్టిన బస్సు మెట్టు మీద కూర్చుని. అప్పట్నుంచీ చిన్నక్క రోజూ పని మధ్యలో రెండు నిమిషాలు ఆయన్ను వెతుక్కుంటుంది. తొమ్మిదో స్టాపు బొత్తాల కొట్టు సందులో ఉంది.

"ఇంట్లో కట్టేసి ఉంచలేను మేడమ్. వెనకాల తిరగలేను. అందుకని చూస్తాను. తప్పని తెలుసు."

సూపర్‌వైజర్ పెన్సిలుతో ఆరు గీతల పక్కన టిక్కులు పెట్టుకుంది. ఆరూ పదకొండున్నరకీ పన్నెండున్నరకీ మధ్యవే. ఆమె ఏమీ అనకముందే టైలరమ్మ అడిగింది.

"మీ మావగారికి తెలుసా, మీరు చూస్తున్నట్టు?"

"చెప్పినా ఆయనకి గుర్తుండదండీ."

"గుర్తుండడం సరే. చెప్పారా?"

చిన్నక్క తల అడ్డంగా ఊపింది. "లేదు."

"నేను మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. నేను ఆ మేడగది అద్దెకి తీసుకున్నదే ఆ వీధి మొదట్లో కెమెరా ఉందని. ఇల్లుగలావిడ చూపిస్తూ అంది, ఇక్కడ భయం లేదమ్మా, పైనుంచి చూస్తుంటారు అని. వాడొస్తే అది వాణ్ణి చూస్తుందనుకున్నా. వాడే అందులోంచి నన్ను చూస్తాడనుకోలేదు."

ప్రింటరు తనంతట తాను ఒకసారి గిర్రుమని ఊరుకుంది.

సూపర్‌వైజర్ కుర్చీ వెనక్కి వాలింది. "పోయినేడు బొత్తాల కొట్టు సందులో ఒక పిల్లని బండెక్కించుకుపోతుంటే పావుగంటలో పట్టుకున్నాం. ఈ ఇరవై ఏడో కెమెరాతోనే. నేనా రోజు పడ్డ సంతోషం అంతా ఇంతా కాదు. ఈ కాగితం చూశాక రెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు." మళ్ళీ ముందుకు వంగింది. "సరే. ఈ ఐదు సంగతి చూద్దాం. అన్నీ ఒంటిగంటా పావుకీ రెండింటికి ఇరవై తక్కువకీ మధ్య. నువ్వు భోజనానికి వెళ్ళే టైము. నీ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?"

ఈ ప్రశ్న వస్తుందని చిన్నక్కకు తెలుసు. వస్తే ఏం చెప్పాలో మాత్రం తెలియదు. ఆమె తలెత్తేలోపే మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"నాకు తెలుసండీ. తను భోజనానికి వెళ్ళేసరికి పెద్దాయన ఇంకా ఇల్లు చేరకపోతే కాస్త చూస్తుండమని ఇచ్చింది. నా లాగిన్‌లో ఆ సందు రాదు, నాది నదివైపు. అందుకని."

"అంటే ఆ టైములో ఆ కుర్చీ దగ్గర మీరొక్కరే."

"ఒక్కణ్ణే."

"ఆ మేడగది వదిలాక టైలరమ్మగారికి ఆడవాళ్ళ హాస్టల్లో గది మాట్లాడిపెట్టింది కూడా మీరే కదూ?"

"నేనూ చిన్నక్కా. మీరే గదా చూడమన్నారు. మిషను బరువుగా ఉంటే మోసుకెళ్ళి పెట్టింది కూడా నేనే."

"అంటే ఆవిడ ఇదివరకు ఎక్కడుందో తెలిసే అవకాశం మీకుంది, ఇప్పుడెక్కడుందో కూడా మీకు తెలుసు."

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. చాలాసేపు తుడిచారు. "తెలుసండీ. తెలిస్తే చెప్పేసినట్టేనా?"

చిన్నక్క ఆయన చేతులకేసి చూసింది. ఆ వేళ్ళు ఎంతమందికి మీటలు నేర్పాయో. ఆరేళ్ళలో ఒక్కనాడు కూడా ఆయన ఎవరి గురించీ చెడుగా మాట్లాడగా ఆమె వినలేదు. అయినా మనసు ఊరుకోలేదు. ఈమధ్య మాస్టారు భోజనం కూడా కుర్చీ దగ్గరే ఎందుకు చేస్తున్నారు? మొన్న తను పది నిమిషాలు ముందే వస్తే తెర ఎందుకు మార్చేశారు? ఒక్కసారి అనుమానించడం మొదలెట్టాక ప్రతి చిన్న విషయమూ పెద్దదిగానే కనిపించింది.

సూపర్‌వైజర్ కాగితం దగ్గరికి లాక్కుని, కళ్ళు చికిలించి చివరి వరుస చూసింది. "ఇదేమిటి? ఈ ఆరింటి పక్కన కుర్చీ నంబరు రెండు అని ఉంది. ఈ ఐదింటి పక్కన నంబరు లేదు. 'బ' అనుంది."

ఫోను తీసి సాంకేతిక విభాగానికి చేసింది. రెండే మాటలు అడిగింది. వింటున్నంతసేపూ ఆమె పెన్సిలు కాగితం మీద ఒకేచోట గుచ్చుకుని ఉంది.

"బయటి లాగిన్ అట," అంది ఫోను పెట్టేసి. "ఈ ఐదుసార్లూ చూసింది ఈ హాల్లోంచి కాదు. ఫోన్లోంచో టాబ్లెట్‌లోంచో. పోయినేడు వరదలప్పుడు ఇంటి నుంచి కూడా చూసేలా ఆపరేటర్లందరికీ అనుమతిచ్చాం, గుర్తుందా? నీళ్ళు తీశాక అన్నీ తీసెయ్యమన్నాను. నీ ఒక్కదానిది తియ్యడం మర్చిపోయారట. పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళెవరైనా ఎక్కణ్ణుంచైనా చూడొచ్చు." ఆమె చిన్నక్కకేసి తిరిగింది. "నీ దగ్గర అలాంటిదేమైనా ఇంకా ఉందా? ఇంట్లో?"

చిన్నక్క వంటింట్లో, బియ్యం డబ్బా పక్కన, గోడకు ఆనించి ఒక పాత టాబ్లెట్ ఉంటుంది. అంచు మీద పగిలిన గీత. సెలవురోజుల్లో మావయ్యను చూసుకోవడానికి ఆమే పెట్టుకుంది. తను ఇంట్లో లేనప్పుడు దాన్ని ముట్టుకునేవాళ్ళు ఇద్దరే. ఒకరు మావయ్య. ఆయనకి దాన్ని వెలిగించడం కూడా రాదు.

"లేదు మేడమ్," అంది.

అనేశాక వెనక్కి తీసుకోవడానికి ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో సూపర్‌వైజర్ మాస్టారికేసి చూసింది, టైలరమ్మ కూడా చూసింది. క్షణం దాటిపోయింది.

"మాస్టారూ, మీ ఫోను ఇక్కడ పెట్టండి. రేపు పొద్దున టెక్నీషియన్ చూసి ఇచ్చేస్తాడు. ఇది తేలేదాకా మీరు కుర్చీలో కూర్చోవద్దు. ఇంటికెళ్ళిపోండి."

మాస్టారు జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టారు. తిన్నగా, బల్ల అంచుకు సమంగా. లేస్తూ చిన్నక్కకేసి చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే ఆమెకు కాస్త నయంగా ఉండేది.

టైలరమ్మ కూడా లేచింది. బడి యూనిఫారాలు ఒక కొట్లో అప్పజెప్పాలి, అక్కణ్ణుంచి ట్యాక్సీలో నాలుగున్నరకల్లా హాస్టల్ చేరిపోతానంది. గుమ్మం దగ్గర చిన్నక్క చేయి పట్టుకుంది.

"ఎవరూ అడక్కుండానే ఆ ఆరూ మీవని ఒప్పుకున్నారు. అందుకే మీ మీద నాకు అనుమానం లేదు," అంది.

ఆ చేయి వదిలించుకోవడానికి చిన్నక్క దగ్గు వచ్చినట్టు నటించాల్సి వచ్చింది.

డ్యూటీ దిగి బయల్దేరింది. ఆఫీసు నుంచి ఇల్లు ఇరవై నిమిషాల నడక. రోజూ నడిచే దారే. ఇవాళ మాత్రం ప్రతి స్తంభం దగ్గరా తల పైకి లేచింది. పాలకేంద్రం దగ్గరొకటి. బ్యాంకు మలుపులో రెండు. స్కూలు గోడ మీద ఒకటి. ఇవన్నీ ఆమెకు నంబర్లతో సహా కంఠతా వచ్చు. కానీ కిందనుంచి వాటికేసి చూడడం ఆమెకు ఇదే మొదటిసారి. కిందనుంచి చూస్తే అవన్నీ ఒకేలా ఉన్నాయి. వెనకాల ఎవరు కూర్చున్నారో చెప్పే గుర్తు దేని మీదా లేదు.

ఆమె మనసులో మాత్రం ఒకే మొహం తిరుగుతోంది. అది మాస్టారిది కాదు. పద్నాలుగేళ్ళుగా ఒకే కంచం దగ్గర కూర్చుంటున్న మనిషిది.

ఆమె భర్తది తాళాల కొట్టు. ఇంటి ముందుగదే కొట్టు. గోడకు వరసగా వేలాడే వందల తాళంచెవులు, ఒక చిన్న రాపిడి యంత్రం. మధ్యాహ్నం ఒంటిగంటకి కొట్టు తలుపు దగ్గరగా వేసి, లోపలికొచ్చి తండ్రికి అన్నం పెడతాడు. ఒంటిగంటా పావుకి.

చిన్నక్క కొట్టులోంచి కాకుండా పక్క సందులోంచి వంటింట్లోకి వచ్చింది. మావయ్య బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఆయన ముందు టాబ్లెట్ బోర్లా పడి ఉంది.

"అమ్మాయ్," అన్నారు ఆయన. "ఇవాళ నన్ను ఎందాకా చూశావు?"

చిన్నక్క చేతిలోని తాళంచెవులు గుప్పిట్లోనే బిగుసుకున్నాయి. "మీకెవరు చెప్పారు మావయ్యా?"

"ఎవరు చెప్పాలి? ముప్పై ఒక్క ఏళ్ళు అద్దంలో వెనకున్నవాళ్ళని చూసుకుంటూ బండి నడిపాను. నా వెనక ఎవరైనా చూస్తుంటే నాకు తెలీదా?" ఆయన గొంతు మామూలుగానే ఉంది. ఇవాళ బాగున్న రోజు. "నాకది నచ్చదు. కానీ చూడకపోతే నువ్వు కంగారు పడతావు. సరే చూసుకోనీలే అని ఊరుకున్నా."

ఆమె బల్లకి అటువైపు కూలబడింది. మీ మావగారికి చెప్పారా అని ఒక గంట కిందట ఒక మనిషి అడిగింది. అడగాల్సిన మనిషిని తను రెండేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

"తప్పయిపోయింది మావయ్యా."

"నీది సరేలే. నువ్వు నన్ను చూస్తావు. మీ ఆయన చూసేది నన్ను కాదు." ఆయన టాబ్లెట్‌ని వేలితో కాస్త అవతలికి నెట్టారు. "రోజూ నాకు అన్నం వడ్డించి ఇక్కడే నిలబడి చూస్తాడు. ఎవరో ఆవిడ. ఆకుపచ్చ గొడుగావిడ. ఎవరు ఆవిడ?"

ఒక్క క్షణం చిన్నక్కకు ఇంకో రకమైన అనుమానం తట్టింది, ఏ భార్యకైనా ముందు తట్టేదే. అదే అయితే బాగుండునని కూడా అనిపించింది. ఆకుపచ్చ గొడుగు ఎవరిదో తెలియకపోతే ఆ అనుమానంతోనే సరిపెట్టుకునేది.

"ఏవండీ," అని పిలిచింది. గట్టిగా పిలవలేదు. అయినా రాపిడి యంత్రం ఆగింది.

అతను ఇనుప పొడి అంటిన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇరవై ఏడో కెమెరాలో ఎవరిని చూస్తున్నారు?"

అతను బుకాయించలేదు. అతనికి అది చేతకాదు. తండ్రికేసి ఒకసారి చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నీకు చెబుదామనే అనుకున్నా. ఆమె దొరికాక చెబుదామని."

"ఎవరు దొరికాక?"

"ఒకాయన కొట్టుకొచ్చాడు, నెల కిందట. తాళం పట్టుకొచ్చాడు, ఇంటి తాళం. తుప్పు పట్టి తిరగడం లేదు. కొత్తది వేసుకోవచ్చు గదండీ అంటే వద్దన్నాడు. రెండో చెవి మా ఆవిడ దగ్గరుంది, ఎప్పుడన్నా తిరిగొస్తే తాళం మారిపోయి ఉంటే ఎట్లా అన్నాడు. ఆవిడకి మనసు బాగాలేదట. చెప్పకుండా వెళ్ళిపోయి నాలుగు నెలలట. కొట్లో కూర్చుని ఏడ్చాడే. మగాడు అట్లా ఏడవగా నేను చూడలేదు." అతను చేతిలోని గుడ్డను మడత పెట్టాడు, విప్పాడు. "నాన్న తప్పిపోయిన రోజు నాకు గుర్తొచ్చింది. ఆ తొమ్మిది గంటలు. అతనికి నాలుగు నెలలు. ఫొటో ఇచ్చాడు. కుట్టుపని చేస్తుంది, దారాల కోసం బొత్తాల కొట్టుకి రాకుండా ఉండదు అన్నాడు. చూశాను. కనిపించింది. అక్కణ్ణుంచి ఒక్కో కెమెరా మార్చుకుంటూ వెనకాలే వెళ్ళాను, నాన్న కోసం నువ్వు నేర్పావు చూడు, అట్లాగే."

చిన్నక్కకు తల కొట్టేసినట్టయింది.

"ఆ మనిషి ఆవిణ్ణి కొట్టేవాడు. చెయ్యి విరగ్గొట్టాడు. ఆవిడ తప్పిపోలేదు, వాడి నుంచి పారిపోయింది. నీకు పాపం అనిపించిన వాడు పదిరోజుల కింద ఆవిడ తలుపు పగలగొట్టబోయాడు." పద్నాలుగేళ్ళలో మొదటిసారి అతన్ని నువ్వు అనేసిందని ఆమెకు తెలియలేదు. "నన్ను ఒక్క మాట అడక్కపోయావా?"

"నువ్వు ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పవుగా." అతని మొహం పాలిపోయింది. "అడిగితే కాదంటావేమోనని... అతను నీకు చెప్పొద్దని బతిమాలాడు. మీ ఆవిడ ఉద్యోగానికి ముప్పొస్తుందన్నాడు."

"నేనక్కడ పనిచేస్తానని వాడికెట్లా తెలుసు?"

ఈ ప్రశ్న ఇన్నాళ్ళూ అతనికే తట్టలేదు.

"వచ్చీ రాగానే అడిగాడు. మీ ఆవిడ కెమెరాల ఆఫీసులో కదూ అని. ఎవరు చెప్పారంటే... మీ ఆఫీసులో ఎవరో చెప్పారన్నాడు."

మావయ్య ఇద్దరికేసీ మార్చి మార్చి చూస్తున్నారు.

"చివరిసారి ఎప్పుడు చూశావు?" అంది చిన్నక్క.

"ఇవాళే."

"ఎక్కడ?"

"ఆసుపత్రి వెనక హాస్టల్ గేటు దగ్గర. లోపల్నుంచి వస్తోంది. వారం కింద అతను మళ్ళీ వచ్చాడు. నన్ను చూసి బెదిరి ఇల్లు మారిపోయింది, ఇంకొక్కసారి చూడండన్నాడు. మొన్నంతా వెతికితే దొరకలేదు. ఇవాళ దొరికింది." అతను చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టేశాడు. "ఒంటిగంటన్నరకి ఫోన్ చేసి చెప్పేశాను."

చిన్నక్క టాబ్లెట్ తిప్పి నిలబెట్టింది. నలభై మూడో కెమెరా. హాస్టల్ గేటు, దానికెదురుగా మందుల కొట్టు, మధ్యలో ఖాళీ రోడ్డు. మందుల కొట్టు గోడకు ఒక మనిషి ఆనుకుని నిలబడ్డాడు, మడిచిన పేపరు చేతిలో పట్టుకుని. చదవడం లేదు.

"అతనే," అన్నాడు భర్త.

గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. టైలరమ్మకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మొగుడికి నంబరు తెలిసిందని ఆమె రోడ్డు మీద ఉన్నప్పుడు ఫోను చప్పుడు తీసేసుకుంటుంది. ఆ సలహా ఇచ్చింది కూడా చిన్నక్కే.

"నేను వెళ్తాను," అన్నాడు అతను. అప్పటికే కొట్టులో ఉన్నాడు. బండి చప్పుడు సందు చివరిదాకా వినిపించింది. ఎంత వేగంగా పోయినా పావుగంట.

ఇక చేయాల్సిన ఫోను ఒకటే ఉంది. చేస్తే భర్తకు జైలు, తనకు ఉద్యోగం పోవడం ఖాయం. ఆమె నంబరు నొక్కింది.

సూపర్‌వైజర్ వెంటనే ఎత్తింది.

"మేడమ్, నేను అబద్ధం చెప్పాను. ఆ ఐదూ మా ఇంటి నుంచే. మా ఆయన చూశారు. మాస్టారి తప్పేం లేదు. అదంతా తర్వాత. ముందు హాస్టల్ గేటు దగ్గరికి పోలీసుల్ని పంపండి. ఆ మనిషి అక్కడే నిలబడి ఉన్నాడు, నాకు కనిపిస్తున్నాడు."

అవతల సూపర్‌వైజర్ గొంతు దూరంగా, పక్కనున్న ఇంకెవరితోనో అనడం వినిపించింది. "రెండో నంబరు బయటి లాగిన్ ఇప్పుడే మూసెయ్. ఈ నిమిషంలో."

"మేడమ్, వద్దు. ఇప్పుడే వద్దు. ట్యాక్సీ వస్తోంది."

ట్యాక్సీ గేటు ముందు ఆగింది. గోడకు ఆనుకున్న మనిషి పేపరు కింద పడేశాడు. ట్యాక్సీ తలుపు తెరుచుకుంది. ముందు గొడుగు మొన బయటికి వచ్చింది.

తెర బూడిదరంగుకు మారిపోయింది. మధ్యలో రెండే మాటలు. అనుమతి లేదు.

సూపర్‌వైజర్ చేసింది సరైన పనే. ఈ పని ఏడాది కిందట చేసి ఉంటే ఇవేవీ జరిగేవి కావు. చిన్నక్క ఆ బూడిదరంగు అద్దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఫోనులోకి అరిచినంత పనిచేసింది. "మీ గోడ మీద చూడండి మేడమ్. నలభై మూడు. ఆవిడ దిగుతోంది. చూసి చెప్పండి."

అడుగుల చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. సూపర్‌వైజర్ ఎవరినో పోలీసు వ్యాను పంపమనడం.

"చిన్నక్కా." ఈసారి ఆమె గొంతు ఎంత తగ్గిపోయిందంటే చిన్నక్క ఫోను చెవికి అదిమి పట్టుకోవాల్సి వచ్చింది. "నలభై మూడు మా గోడ మీద లేదు. రెండింటి నుంచీ మరమ్మతులో ఉందట. తెర ఆర్పేసి చీటీ అంటించారు. కింద సంతకం నాది."

"మీరెందుకు..."

"నేను పెట్టలేదు."

మావయ్య లేచి వచ్చి కోడలి పక్కన నిలబడ్డారు. ఏం జరుగుతోందో ఆయనకి అర్థం కాకపోయినా ఆమె భుజం మీద చెయ్యి వేశారు.

"ఆవిడ ఆ హాస్టల్లో ఉందని మన ఆఫీసులో ఎంతమందికి తెలుసు?" అంది సూపర్‌వైజర్.

"మీకు తెలుసు. నాకు తెలుసు." చిన్నక్క ఆగిపోయింది.

ఇందాక ఇంటికి పంపేసిన ఆ మూడో మనిషికి ఏమని క్షమాపణ చెప్పుకోవాలా అని ఆమె ఇంతసేపూ లోలోపల మాటలు కూర్చుకుంటూనే ఉంది.